మిర్చీ బజ్జీల పొట్లంలో రాజీనామా

చైతన్యపురిలో మా ఇల్లు, కొత్తపేటలో మా బ్యాంకు బ్రాంచ్. మధ్యలో స్కూటర్ మీద ఎనిమిది నిమిషాలు. ఈ ఎనిమిది నిమిషాల విలువ నానక్‌రామ్‌గూడ నుంచి ఫోన్ వచ్చేదాకా నాకు తెలియలేదు.

ఫోన్ చేసింది అప్పులిచ్చే యాప్ ఒకటి నడిపే కంపెనీ. జీతం ఇప్పటిదానికి ఒకటిన్నర రెట్లు. "మీలాగా పెద్ద బ్యాంకులో అనుభవం ఉన్నవాళ్లే మాకు కావాలి సార్" అంది హెచ్ఆర్ అమ్మాయి. నా అనుభవమంతా 'సర్వర్ డౌన్, రేపు రండి' అన్న మాటని మనిషిని బట్టి ఐదారు రకాలుగా చెప్పగలగడమే. దానికి బయట ఇంత గిరాకీ ఉందని ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి మా ఆవిడ కరెంటు బిల్లు వెనక్కి తిప్పి, పెన్ను తీసుకుని కూర్చుంది.

"ఏమండీ, వెళ్లడానికి ఎంతసేపు?"

చైతన్యపురిలో మెట్రో ఎక్కాలి, అమీర్‌పేటలో దిగి బ్లూ లైన్‌కి మారాలి, రాయదుర్గంలో దిగి ఆటో కోసం నిలబడాలి. "గంటన్నర" అన్నాను.

"రావడానికి?"

"వర్షం పడకపోతే గంటన్నరే."

"రోజుకి మూడు గంటలు. నెలకి 22 రోజులు. అంటే 66 గంటలు. నెలలో దాదాపు మూడు రోజులు మీ కాపురం మెట్రోలోనే" అని ఆ బిల్లు మీదే గీత కొట్టింది. కింద ఇంకో గీత, ఇంటి లోను. స్టాఫ్ కాబట్టి తక్కువ వడ్డీకి ఇచ్చారు. ఉద్యోగం మానేస్తే మనమూ కౌంటర్ అవతల నిలబడే కస్టమర్లమే. వాయిదా నెలకి తొమ్మిది వేలు పెరుగుతుందని తేలింది.

ఆ తర్వాత గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు సర్వీసుని బట్టి చేతికొచ్చే డబ్బు. ఇక్కడే నా ప్రాణం పోయింది. మా బ్యాంకు లెక్కలో దానికి ఐదేళ్ల సర్వీసు నిండాలి. నాకు నిండినవి నాలుగేళ్ల ఏడు నెలలు. ఇవాళే రాజీనామా ఇచ్చినా మూడు నెలల నోటీసు కలుపుకుంటే నాలుగేళ్ల పది నెలలు. రెండు నెలలు తక్కువ! నా బేసిక్, డీఏ కలిపి 75 వేలు. దాన్ని 26తో భాగించి, 15తో హెచ్చవేసి, మళ్లీ ఐదుతో హెచ్చవేస్తే రెండు లక్షల పదహారు వేల చిల్లర. గ్రాట్యుటీ లెక్కలో నెలకి 26 రోజులే. ఆ సంగతి మా బ్రాంచ్‌లో ఎవరికైనా తెలుసా అన్నది నా అనుమానం.

తెగక, మా మామగారికి ఫోన్ చేశాను. ఆయన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ మనిషి. నిజాం కాలంలో, 1941లో పుట్టిన ఆ బ్యాంకు 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. "రాత్రి ఒక బ్యాంకు ఉద్యోగిగా పడుకున్నాను బాబూ, పొద్దున ఇంకో బ్యాంకు ఉద్యోగిగా లేచాను. అదే కుర్చీ, అదే ఫ్యాను, ఆ ఫ్యాను చప్పుడు కూడా అదే. రాజీనామా లేదు, ఇంటర్వ్యూ లేదు. ఉద్యోగం మారడమంటే అలా మారాలి" అన్నారు. అది సలహానో, జ్ఞాపకమో నాకు అర్థం కాలేదు. ఆయన ఏం చెప్పినా అంతే.

ఇక దేవుడే దిక్కని ఆదివారం చిలుకూరు వెళ్లాం. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక 108. మూడో ప్రదక్షిణలో నాకు పెద్ద సందేహం వచ్చింది. నేను కోరుకోవలసింది ఏమిటి? వెళ్లాలనా, ఉండాలనా? పక్కనున్న కుర్రాళ్లంతా 'వీసా, వీసా' అని స్పష్టంగా తిరుగుతున్నారు. నా అప్లికేషన్‌లోనే వివరాలు ఖాళీ. కేవైసీ సరిగ్గా లేదని రోజూ పదిమందిని వెనక్కి పంపేవాణ్ణి, బాలాజీ మాత్రం నన్నెందుకు ఊరుకుంటాడు?

"లెటరైతే రాసి పెట్టుకోండి. ఇచ్చేది లేనిది తర్వాత చూద్దాం" అంది మా ఆవిడ తిరుగు ప్రయాణంలో.

సోమవారం రాశాను. బ్రాంచ్ ప్రింటర్లో తీస్తే అది ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు కాబట్టి, తెలివిగా ఎదురుగా ఉన్న జిరాక్స్ షాప్ కుర్రాడికి వాట్సాప్‌లో పంపాను. మొదటి కాపీలో పోయిన ఏడాది తేదీ పడింది. సరిచేసి రెండోది తీయించుకుని, లంచ్ బ్యాగులో దాచుకున్నాను. మొదటిది అక్కడి బల్ల మీదే వదిలేశాను. నా తెలివి సరిగ్గా అక్కడిదాకానే పనిచేసింది.

గురువారం సాయంత్రం నాలుగున్నరకి మా అటెండర్ అన్న ఎప్పట్లాగే బండి మీది మిర్చీ బజ్జీలు తెచ్చాడు. మేనేజర్ మేడమ్ పొట్లం విప్పారు. ఒకటి తిన్నారు. రెండోది తీశారు. ఆగారు. కళ్లజోడు సవరించుకున్నారు.

నూనె తాగి అద్దంలా మెరుస్తున్న కాగితం మీద నా పేరు. నా పేరు మీద మిరపకాయ తొడిమ.

"ఏమిటండీ ఇది?"

నా నోట్లో బజ్జీ ఉంది. అదృష్టం.

"మొదటి మూడు లైన్లు బాగానే ఉన్నాయి. నాలుగో దాని మీద నూనె పడింది. అక్కడ ఏం రాశారు?"

"మీ దగ్గర చాలా నేర్చుకున్నానని రాశాను మేడమ్."

"సరిగ్గా అక్కడే పడిందన్నమాట." మళ్లీ చదివారు. "ఈ తేదీ ప్రకారం మీరు పోయిన ఏడాదే వెళ్లిపోయారు. మరి ఇన్నాళ్లూ జీతం ఎవరికి ఇస్తున్నాం?"

కోప్పడతారనుకున్నాను. ఆవిడ నెమ్మదిగా ఇంకో బజ్జీ తీసుకుని "ఐదేళ్లు నిండాయా?" అని అడిగారు. అంతే, క్యాషియర్ క్యాలిక్యులేటర్ తీశాడు. గోల్డ్ లోన్ కౌంటర్ ఆవిడ 15 ముందా, 26 ముందా అని పోట్లాటకి దిగింది. అరగంట తర్వాత బ్రాంచ్ మొత్తం ఏకగ్రీవంగా తేల్చింది: రాజీనామా ఇవ్వడానికి ఇంకా రెండు నెలలు ఆగాలి. ఆ రోజు క్లోజింగ్ ఆలస్యమైంది, దానికీ కారణం నేనేనట.

మర్నాడు పొద్దున, రోజూ వచ్చి పాస్‌బుక్ ప్రింట్ వేయించుకునే పెన్షనర్ పెద్దాయన నా కౌంటర్ దగ్గర నిలబడ్డారు. "వెళ్లిపోతున్నావటగా బాబూ. పోయేలోపు ఇది ఒకసారి ప్రింట్ వేసి పో." ఎవరు చెప్పారని అడిగితే బజ్జీల బండి వైపు చెయ్యి చూపించారు.

మధ్యాహ్నం హెచ్ఆర్ అమ్మాయి ఫోన్ చేసింది. రెండు నెలల తర్వాత రాజీనామా, ఆపైన మూడు నెలల నోటీసు, మొత్తం ఐదు నెలల్లో చేరతానన్నాను. "మాకు ఇమ్మీడియెట్‌గా కావాలి సార్. మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి మళ్లీ చేస్తాను" అంది. ఆ కంఠస్వరం నేను గుర్తుపట్టాను. 'సర్వర్ డౌన్, రేపు రండి' అనేటప్పుడు నాది కూడా అలాగే ఉంటుంది.

సాయంత్రం ఇంటికి వెళ్తుంటే బండి అతను పిలిచాడు. "సార్, నిన్నటి ఆ కాగితం మీదేనంట కదా? మంచి మందంగా ఉంది, నూనె మొత్తం పీల్చేసింది. ఇంకోటి ఉంటే ఇవ్వండి."

లంచ్ బ్యాగులో ఇంకోటి ఉంది. అది మేడమ్‌కి ఇవ్వాలో, ఇతనికి ఇవ్వాలో ఇంకా తేలలేదు.