సీసాతో రుద్దితే ఎముక ఉక్కు కాదు

గుంటూరులో మా దగ్గర కిక్‌బాక్సింగ్ నేర్చుకునే 14 ఏళ్ల పిల్లాడు గత నెలలో ఓ సాయంత్రం ప్యాడ్ మీద కిక్ కొట్టి మొహం చిట్లించాడు. కాలు చూపించమన్నాను. మోకాలికి జానెడు కింద, ముందువైపు ఎముక మీద చర్మం నల్లగా కమిలి గరుకు తేలింది. ‘రోజూ పడుకునే ముందు అరగంట సోడా సీసాతో రుద్దుతున్నా సార్’ అన్నాడు. వాళ్లమ్మగారు ఫోన్ తీసి తనకు వచ్చిన వాట్సాప్ మెసేజ్ చూపించారు. ఆ తర్వాత అదే మెసేజ్ నాకూ మూడు నాలుగు గ్రూపుల్లో కనిపించింది.

అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: సీసాతోనో చపాతీ కర్రతోనో షిన్ (మోకాలి కింద ముందువైపు ఎముక) మీద రోజూ రుద్దినా కొట్టినా ఎముకలో కంటికి కనపడని పగుళ్లు వచ్చి, అవి పూడి కాలు ఉక్కు అవుతుంది. థాయిలాండ్ ఫైటర్లు చెట్లను తన్నేది అందుకే. ప్రాక్టీసులో నీళ్లు తాగితే స్టామినా పోతుంది. కాలు బెణికితే గట్టిగా లాగి, వేడి నూనెతో మర్దనా చేసి, అదే రోజు పరిగెత్తించాలి. తలకు దెబ్బ తగిలితే నీళ్లు చల్లి మళ్లీ రింగులోకి పంపాలి, అలా తగిలితేనే తల గట్టిపడుతుంది. చివర్లో ‘ఛాంపియన్లు విశ్రాంతి తీసుకోరు, పది మందికి పంపండి’.

ఇందులో కొన్ని మాటలు పిల్లల ఒళ్లు పాడుచేస్తాయి, ఒకటి ప్రాణమే తీయొచ్చు. అందుకే ఒక్కొక్కటీ తీసుకుని చెబుతాను.

ముందు ఎముక సంగతి. భారం పడితే ఎముక దానికి తగ్గట్టు గట్టిపడుతుందన్నది నిజమే. జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే ఆ సూత్రం రాశాడు. మెసేజ్ రాసినవాళ్లు ఈ నిజాన్నే పట్టుకుని వంకరగా లాగారు. గట్టిపడటం ఎలా జరుగుతుందో చూడండి. మన ఊళ్లో రోడ్డు బాగుచేసేటప్పుడు పాడైన చోట ముందు తవ్వేస్తారు, తర్వాత కంకర పోసి తారు వేస్తారు. ఎముకా అంతే. కొన్ని కణాలు పాత ఎముకను ముందు తొలిచేస్తాయి, దానికి వారాలు పడుతుంది. వేరే కణాలు వచ్చి కొత్త ఎముకను నింపుతాయి, దానికి నెలలు పడుతుంది. తవ్వకం అయి పూడ్చడం పూర్తికాని మధ్యకాలంలో ఎముక అంతకుముందుకన్నా బలహీనం. గొయ్యి తీసి ఉన్న రోడ్డు మీద లారీలు నడిపితే ఏమవుతుందో రోజూ దెబ్బ మీద దెబ్బ వేస్తే ఎముకకూ అదే అవుతుంది. దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. షిన్ ముందు భాగంలో వచ్చే పగులు మానడానికి మరీ మొండికేస్తుంది, ఎందుకంటే అక్కడ రక్తప్రసారం తక్కువ, పైగా ఎముక వంగినప్పుడు విడదీసే లాగుడు ఆ వైపే పడుతుంది.

ఇక సీసా చేసే పని. ఎముకను బలపరిచేది పరుగు, గెంతు, బ్యాగ్ మీద కిక్ లాంటి భారం, అది కూడా మధ్యలో విరామం ఇస్తే. సీసాతో రుద్దితే ఆ భారం ఎముకకు చేరదు. నలిగేది చర్మం, దాని కింది నరాలు, ఎముకను అంటుకుని ఉండే పలుచని పొర. కొన్నాళ్లకు నొప్పి తెలియకపోవచ్చు. దాన్ని చూసి కాలు గట్టిపడిందనుకుంటారు. అసలు జరిగింది, ఆగమని చెప్పాల్సిన నొప్పి మొద్దుబారడం.

ఇది నేను పడి తెలుసుకున్నదే. పందొమ్మిదేళ్లప్పుడు, నేర్పిన మాస్టారు చెప్పారు కదా అని ఆరు నెలలు సీసా దొర్లించాను. ఒక చోట, రూపాయి బిళ్లంత మేర, వేలు పెట్టి నొక్కితే ప్రాణం పోయేది. తీయించిన మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు, బాగానే ఉందన్నారు. స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదటి వారాల్లో ఎక్స్‌రేకు తరచూ దొరకదన్న సంగతి నాకప్పుడు తెలియదు. ఎమ్మారైలో బయటపడేసరికి ఇంకో నెల గడిచింది. ఆ ఏడాది జిల్లా పోటీలు పోయాయి. అందుకే ఇప్పుడు మా దగ్గర షిన్ నొప్పి అన్న ప్రతి పిల్లాడికీ ముందు వేలితో నొక్కి చూస్తాను. నొప్పి ఎముక పొడవునా జానెడు మేర ఉంటే సాధారణంగా అది అలసట వల్ల వచ్చినది, భారం తగ్గిస్తే పోతుంది. ఒకే చుక్క దగ్గర ఉంటే, రాత్రిళ్లు కూడా సలిపితే, ఒంటికాలి మీద గెంతలేకపోతే కిక్‌లు ఆపించి ఎముకల డాక్టరు దగ్గరికి పంపుతాను.

థాయ్ ఫైటర్ల చెట్టు గురించి. వాళ్లు తన్నేది అరటిచెట్టును. అరటిచెట్టు ఎలాంటిదో మనకు ఇంకొకరు చెప్పాలా? పెళ్లి పందిరికి కట్టే ఆ బోదెలో కలప లేదు, నీళ్లతో నిండిన పొరలు ఒకదాని మీద ఒకటి. కత్తిపీటతో కోస్తే చక్రాల్లా వస్తుంది. వేప మాను, కరెంటు స్తంభం దానికి సాటి రావు. వాళ్ల కాళ్లు గట్టిపడింది చిన్నప్పటి నుంచి ఏళ్ల తరబడి బ్యాగ్ మీద, ప్యాడ్ల మీద వేల కిక్‌లు కొట్టడం వల్ల. దానికి అడ్డదారి లేదు.

అంత చేసినా ఎముక ఎముకే. 2013 డిసెంబర్ 28న లాస్ వేగస్‌లో జరిగిన యూఎఫ్‌సీ పోటీలో ఫైటర్ ఆండర్సన్ సిల్వా కాలి మీదికి కొట్టిన లో కిక్‌ను ప్రత్యర్థి క్రిస్ వైడ్‌మన్ మోకాలితో అడ్డుకున్నాడు. సిల్వా ఎడమ కాలు అక్కడికక్కడే రెండుగా వంగిపోయింది. అతను మళ్లీ పోటీకి దిగింది 2015 జనవరి చివర్లో. 2021 ఏప్రిల్‌లో ఆ వైడ్‌మన్‌కే, యురయా హాల్ మీద కొట్టిన మొట్టమొదటి కిక్‌కు కుడి కాలు అలాగే విరిగింది. ఏళ్ల తరబడి కాళ్లను రాటుదేల్చిన మనుషులు వీళ్లు. కిక్ ఎక్కడ తగలాలి, ఎదుటివాడి మోకాలి నుంచి ఎలా తప్పించాలి అన్నది నేర్పడం కాలిని కాపాడుతుంది. మా పిల్లలకు నేను వారాల పాటు నేర్పేది అదే.

పిల్లల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. ఎముక చివర్లలో, అది పొడవు పెరిగే చోట, పెరుగుదల పలక ఉంటుంది, అది మెత్తన. కాళ్లలో అది గట్టి ఎముకగా మారి మూసుకోవడానికి ఆడపిల్లలకు సుమారు 14-15, మగపిల్లలకు 16-17 ఏళ్లు వస్తాయి. అప్పటిదాకా కీలును పట్టి ఉంచే పట్టీల (లిగమెంట్ల) కన్నా ఆ పలకే బలహీనం.

ఇప్పుడు బెణుకు లాగడం ఎందుకంత తప్పో తెలుస్తుంది. పెద్దవాళ్లలో బెణుకు అనిపించేది పిల్లల్లో పెరుగుదల పలక దెబ్బ కావచ్చు. దాన్ని లాగి, రుద్ది, పరిగెత్తిస్తే కాలి ఎదుగుదలే తేడా పడొచ్చు. చీలమండ బెణికినప్పుడు ఎక్స్‌రే కావాలో వద్దో తేల్చడానికి కెనడా డాక్టర్లు 1992లో తేలికైన పద్ధతి ఇచ్చారు. చీలమండకు రెండు వైపులా పొడుచుకొచ్చిన ఎముక వెనక అంచును నొక్కితే నొప్పి పుట్టినా, నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. పాదం మధ్యలో ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా అంతే. పిల్లలైతే నేను అనుమానమున్న ప్రతిసారీ పంపుతాను. పుత్తూరు కట్టు మీద నమ్మకమున్నవాళ్లతో నాకు గొడవ లేదు. ముందు ఎక్స్‌రే తీయించండి, తర్వాత మాట్లాడుకుందాం అని మాత్రం అంటాను.

ఎముక బాగుందని తేలితే మొదటి రెండు మూడు రోజులు వేడి, మర్దనా రెండూ వద్దు. అవి వాపు పెంచుతాయి. క్రేప్ బ్యాండేజి చుట్టి, కాలు దిండు మీద ఎత్తి పెట్టాలి. ఐసు గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెడితే నొప్పి తగ్గుతుంది, అంతవరకే. ఐసు పెట్టమన్న సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ డాక్టర్ గేబ్ మిర్కిన్, అది మానడాన్ని ఆలస్యం చేయొచ్చని తర్వాత తానే మాట మార్చుకున్నాడు. అలాగని నెల రోజులు మంచం మీద ఉండమని కాదు. నొప్పి ఓర్చుకోగలిగినంత మేర నడక, తర్వాత పళ్లు తోముకుంటూ ఆ కాలి మీద ఒంటికాలితో నిలబడటం. మళ్లీ మళ్లీ బెణికేవాళ్లలో చాలామంది ఈ చివరి పని చేయనివాళ్లే.

నీళ్ల గురించి పెద్ద చర్చ అక్కర్లేదు. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద గంటన్నర ప్రాక్టీసు చేయించి నీళ్లు ఇవ్వకపోవడం క్రూరత్వం. 1997లో అమెరికాలో బరువు తగ్గడానికి నీళ్లు మాని, రబ్బరు సూట్లు వేసుకుని చెమటలు కక్కిన ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు నెల రోజులకు అటూ ఇటుగా చనిపోయారు. దాంతో అక్కడ నిబంధనలే మార్చేశారు. శిక్షగా ఒక్కసారే అయిదొందల గుంజీళ్లు తీయించే సెంటర్లవాళ్లూ ఒక మాట వినాలి: మర్నాడు మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తే కండరం కరిగి కిడ్నీల మీద పడుతోందని అర్థం. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తల గురించి రాస్తుంటే నాకు చేయి వణుకుతుంది. గిన్నెలో తోడేసిన గడ్డ పెరుగును పట్టుకుని ఒక్కసారి గట్టిగా కుదపండి. గిన్నెకు ఏమీ కాదు, పెరుగు చెదిరిపోతుంది. పుర్రె గిన్నె, మెదడు పెరుగు. ఎన్ని దెబ్బలు తిన్నా ఆ పెరుగు గట్టిపడదు. బాక్సర్లకు మాట తడబడటం, నడక తూలడం, మతిమరుపు వస్తున్నాయని హ్యారిసన్ మార్ట్‌లాండ్ అనే డాక్టర్ 1928లోనే రాశాడు. తలకు హెడ్‌గార్డ్ ఉంది కదా అంటారు. అది చర్మం చిట్లకుండా కాపాడుతుంది, లోపలి కుదుపును ఆపలేదు. అమెచ్యూర్ బాక్సింగ్‌లో పెద్ద స్థాయి మగవాళ్లకు 2013లో హెడ్‌గార్డ్ తీసేశారు, 2016 రియో ఒలింపిక్స్‌లో వాళ్లు అది లేకుండానే ఆడారు.

దెబ్బ తగిలాక తలనొప్పి, మగత, కళ్లు బైర్లు కమ్మడం, అడిగిందే అడగడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ప్రాక్టీసు అయిపోయింది. స్పృహ తప్పాల్సిన పని లేదు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే కుర్ర వయసులో మెదడు వాచి ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. మొదటి ఒకటి రెండు రోజులు చదువు, ఫోను తగ్గించి తేలికగా ఉండాలి, కాస్త నడవొచ్చు. తర్వాత మెట్టుమెట్టుగా పెంచాలి. డాక్టరు సరే అనేదాకా స్పారింగ్ (జోడీతో తలపడే సాధన) లేదు. పదే పదే వాంతులు, ఫిట్స్, పెరుగుతున్న తలనొప్పి, ఒక కంటిపాప రెండోదానికన్నా పెద్దదిగా కనిపించడం, లేపినా లేవనంత మగత, చేయి కాలు చచ్చుబడటం ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. 2022 జూలైలో బెంగళూరులో జరిగిన కిక్‌బాక్సింగ్ పోటీలో 23 ఏళ్ల కుర్రాడు ముఖం మీద దెబ్బతో రింగులో కూలి, ఆసుపత్రిలో చనిపోయాడు. నీళ్లు చల్లి మళ్లీ పంపండి అని రాసే చెయ్యి ఒక్కసారి ఆ తల్లిదండ్రులను తలుచుకోవాలి.

ఛాంపియన్లు విశ్రాంతి తీసుకోరన్నదానికి జవాబు మన నిజామాబాద్‌లోనే ఉంది. 2017లో భుజం గాయంతో బాక్సర్ నిఖత్ జరీన్ దాదాపు ఏడాది రింగుకు దూరమైంది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది.

మా పిల్లాడి కాలికి పగులు లేదని ఎమ్మారైలో తేలింది. మూడు వారాలు కిక్‌లు మానిపించి ఈత, చేతుల పని, ఒంటికాలి నిలకడ చేయించాను. నిన్న మెత్తటి బ్యాగ్ మీద సగం బలంతో ఇరవై కిక్‌లు కొట్టించి, కూర్చోబెట్టి అదే చోట వేలితో నొక్కాను. నొప్పి లేదన్నాడు. రేపు విశ్రాంతి, ఎల్లుండి ఇరవై అయిదు.