నెట్ ఆపిన సర్కారుకు నంబర్ల కోత

ఆఫ్రికా ఖండానికి ఐపీ చిరునామాలు, అంటే నెట్‌లో యంత్రాలను గుర్తుపట్టే నంబర్లు, పంచిపెట్టే ఆఫ్రినిక్ సంస్థ ముందుకు 2017లో ఒక ప్రతిపాదన వచ్చింది. ప్రజలకు ఇంటర్నెట్ ఆపివేసిన ప్రభుత్వానికి ఏడాదిపాటు కొత్త చిరునామాలు ఇవ్వకూడదట. పదేళ్లలో మూడుసార్లు ఆపితే ఇచ్చినవి కూడా లాగేసుకుని, మరో ఐదేళ్లు గుమ్మం తొక్కనివ్వకూడదట. ఆ ఏడాది కామెరూన్‌లో ఇంగ్లిషు మాట్లాడే ప్రాంతాలకు 93 రోజులు నెట్ లేక, బుయా పట్టణపు కంప్యూటర్ కుర్రాళ్లు సిగ్నల్ అందే బొనాకో అనే పల్లెకు చేరి "ఇంటర్నెట్ శరణార్థి శిబిరం" పెట్టుకున్నారు. అది చూసినవాళ్లకు ఆ మాత్రం కోపం రావడం సహజమే.

మా ఇంట్లో బొనాకో సంగతి 2022 మే నెలాఖరున అర్థమైంది. అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో మొబైల్ నెట్ నిలిపివేయగా, ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్న మా బావగారు, తోటి సాఫ్ట్‌వేర్ జనంతో పాటు, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని గోదావరి రేవుకు చేరారు. ఆయన ఫోనుకు అక్కడా సిగ్నల్ అందకపోతే, పక్కనున్న కుర్రాడొకడు దయతలచి తన హాట్‌స్పాట్ ఇచ్చాడు. బావగారు చెప్పులు విడిచి, మెట్ల మీద బాసింపట్టు వేసుకుని మేనేజరుకు లెక్కలు వివరిస్తుండగానే పంటు వచ్చింది. కుర్రాడు జేబులోని హాట్‌స్పాట్‌తో సహా ఎక్కేశాడు. మీటింగ్ తెగిపోతుందన్న భయంతో బావగారు తెరిచిన ల్యాప్‌టాప్‌ను రెండు చేతులా ఎత్తిపట్టుకుని వాడి వెనకే ఎక్కారు. "ఆ చప్పుడేమిటండీ?" అని మేనేజరు అడిగితే "ఫ్యానండీ" అన్నారు. ఆ ఫ్యాను మధ్యమధ్యలో హారన్ ఎందుకు కొడుతోందో, టికెట్టు డబ్బులు ఎందుకు అడుగుతోందో ఆ పెద్దమనిషి పట్టించుకోలేదు. అవతలి రేవు వచ్చేసరికి మీటింగ్ ముగిసింది. చెప్పులు మాత్రం ఇవతలే ఉండిపోయాయి.

ఆఫ్రికావాళ్లు ప్రతిపాదించిన నియమమే మనకు చిరునామాలిచ్చే బ్రిస్బేన్‌లోని ఏపీనిక్‌కు కూడా ఉంటే, బావగారికి ఒరిగేదేమిటి? నెట్ ఆపమని సంతకం చేసిన అధికారి జీతంలో పైసా తెగదు. సర్కారీ కంపెనీ కనెక్షన్ కోసం, సర్కారీ వెబ్‌సైట్‌లో సర్టిఫికెట్టు కోసం పడిగాపులు కాసేవాడికి మాత్రం రెండో వాత పడుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

చిరునామాలను దుర్వినియోగం చేసినవారి నుంచి వాటిని లాగేసుకోవాలన్న మాటకొస్తే చిక్కు ఇంకా పెద్దది. 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్ టెలికాం సంస్థ తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపబోయి, ఆ చిరునామాలు తమవేనని పొరపాటున ప్రపంచమంతటికీ చాటడంతో, దాదాపు రెండు గంటలు ఎక్కడెక్కడివారికో యూట్యూబ్ అందలేదు. దాన్ని నేరమనాలా, అతి విధేయత అనాలా? ఏ నంబరు ఎవరిదో పద్దు రాసుకునే గుమాస్తాను ఇలాంటి తగువులకు తీర్పరిగా కూర్చోబెట్టడం నాకైతే సబబుగా తోచదు.

నైరోబీ చర్చలో ఏకాభిప్రాయం కుదరక ఆఫ్రినిక్ ప్రతిపాదన నెగ్గలేదు. నెగ్గి ఉంటే, "మీ చిరునామాలు రద్దు చేశాము" అన్న నోటీసును అదే సర్కారుకు ఈమెయిల్‌లో పంపి, అందినట్టు జవాబు ఎప్పుడొస్తుందా అని ఆ గుమాస్తా ఎదురుచూస్తూ కూర్చోవలసి వచ్చేది.