ఒక్క ఈక్వల్ టు ఎక్కువైంది

రెండు రోజుల నిద్ర పోయింది నాకు. కారణం ఒక్క అక్షరం. అసలు అక్షరం కూడా కాదు, ఒక గుర్తు.

సెంట్‌ఓఎస్ 7 అనే లినక్స్‌కి 2024 జూన్ 30తో కాలం చెల్లిపోయింది కదా. అందరిలాగే మేమూ ఆలస్యంగా మేల్కొని, బిల్డులన్నీ (సోర్స్ కోడ్ నుంచి ప్రోగ్రాం తయారుచేసే పనులన్నీ) డెబియన్ అనే ఇంకో లినక్స్ తాలూకు స్లిమ్ కంటెయినర్‌లోకి మార్చడం మొదలుపెట్టాం. మా ప్రోగ్రాం వాడే ఒక సి లైబ్రరీ ఉంది, బయటి నుంచి తెచ్చుకున్నది. పాత ఇమేజ్‌లో ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా బిల్డ్ అయ్యేది. కొత్తదాంట్లోనూ అయింది. టెస్టులన్నీ పచ్చగా వెలిగాయి. మూడో రోజు స్టేజింగ్ సర్వర్‌లో డిస్క్ నిండిపోయిందని అలర్ట్. చూస్తే, జెడ్‌లిబ్‌తో కుదించి రాయాల్సిన ఫైళ్లను ఆ లైబ్రరీ ఉన్నవి ఉన్నట్టే రాసేస్తోంది.

"అన్నా, బిల్డ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు కదా" అన్నాడు టీంలో కొత్తగా చేరిన కుర్రాడు. ఉంది. బిల్డ్‌కి ముందు సిస్టంలో ఏమేం ఉన్నాయో చూసే కాన్ఫిగర్ స్క్రిప్ట్ కక్కిన నాలుగు వందల పైచిలుకు లైన్ల మధ్య ఒక్కటి ఇరుక్కుని ఉంది: "టెస్ట్: ఎక్స్‌యెస్: అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఆపరేటర్". దాని కింది లైను మామూలే, దాని పై లైనూ మామూలే.

ఎవరో మహానుభావుడు ఆ స్క్రిప్ట్‌ని పుట్టించే కాన్ఫిగర్.ఏసీ ఫైల్లో, రెండు విలువలు సమానమా అని చూసే టెస్ట్ రాస్తూ = బదులు == పెట్టాడు. ఇలాంటి స్క్రిప్టుల్ని చదివి నడిపేది షెల్, దాన్ని పిలిచే పేరు ఎస్‌హెచ్. సెంట్‌ఓఎస్‌లో ఎస్‌హెచ్ అంటే లోపల ఉన్నది బాష్ అనే షెల్లే, కాబట్టి నడిచిపోయింది. డెబియన్‌లో 2011 నుంచి ఎస్‌హెచ్ అంటే డాష్ అనే చిన్న షెల్. ఉబుంటు అయితే 2006లోనే, 6.10తోనే మారిపోయింది. డాష్‌కి == తెలియదు. టెస్ట్ తప్పింది, తప్పితే ఎల్స్‌లోకి ("లేకపోతే" దారిలోకి) పోవాలి, పోయింది. అంటే జెడ్‌లిబ్ అక్కర్లేదని మనమే చెప్పినట్టు లెక్క! కాన్ఫిగర్ ఆగలేదు, దాని తర్వాత బిల్డ్ చేసే మేక్ ఆగలేదు. ఆగి ఉంటే ఐదు నిమిషాల్లో తేలేది.

నాకు ఒళ్లు మండింది ఇంకొకందుకు. అదే లైనులో పోల్చే విలువకు ముందు ఒక ఎక్స్ తగిలించి ఉంది. అది పాతకాలపు అలవాటు. విలువ ఖాళీగా ఉన్నా, మైనస్‌తో మొదలైనా తికమకపడే ముసలి షెల్స్ కోసం పెట్టేవాళ్లు. ఎప్పుడో పోయిన షెల్స్‌కి తద్దినం శ్రద్ధగా పెట్టి, ఈరోజు లక్షల సర్వర్లలో బతికున్న షెల్‌కి మాత్రం అన్నం పెట్టలేదన్నమాట.

ఇంకో ఫైల్లో &> దొరికింది. ఇది మరీ దొంగ. బాష్‌లో దానర్థం అవుట్‌పుట్, ఎర్రర్ రెండూ ఒకే చోటికి పంపమని. డాష్ దాన్ని రెండు ముక్కలుగా చదువుతుంది: & వరకూ ఒక కమాండ్, దాన్ని బ్యాక్‌గ్రౌండ్‌లోకి తోసేస్తుంది; మిగిలింది వట్టి >, అది ఎప్పుడూ సక్సెసే. "ఈ టూల్ ఉందా" అని అలా అడిగితే, లేకపోయినా ఉందనే అంటుంది. ఒకచోట ఉన్నది లేదంటుంది, ఇంకోచోట లేనిది ఉందంటుంది. ఎవరితో చెప్పుకోవాలి?

ప్యాచ్ పంపాను. ఒక్క = తీసేశాను, అంతే. ఆ లైబ్రరీని చూసుకునేవాళ్ల జవాబు: "కాన్ఫిగ్ షెల్‌కి బాష్ ఇచ్చి నడపండి, మా దగ్గర బాగానే ఉంది." అంటే కాన్ఫిగర్‌ని బాష్‌తోనే నడపమని. అలా ఇస్తే నడుస్తుంది, నాకూ తెలుసు. కానీ స్క్రిప్ట్ మొదటి లైనులో ఎస్‌హెచ్ అని రాసిందెవరు? బాష్ చెడ్డదని నేననను, రోజంతా నేను వాడేది అదే. బాష్ కావాలంటే మొదటి లైనులో బాష్ అని రాయండి, లేని చోట అక్కడే ఆగిపోతుంది, గొడవ ఉండదు. అన్నట్టు, "మరీ పెద్దది, మరీ నిదానం" అని బాష్ గురించి దాని మాన్ పేజీలోనే (మాన్యువల్‌లోనే) బగ్స్ కింద రాసి ఉంటుంది. లినక్స్ డిస్ట్రోలు డాష్‌కి మారింది సరదాకి కాదు, బూట్ త్వరగా అవ్వాలని.

"ఆల్పైన్‌లో ట్రై చేశాం, పనిచేసింది" అనేవాళ్లకి ఒక మాట. ఆల్పైన్ అనే చిన్న లినక్స్‌లో ఉన్నది బిజీబాక్స్ యాష్ అనే ఇంకో షెల్, అది == ని ఒప్పుకుంటుంది. చిన్న షెల్స్ అన్నీ ఒకటి కాదు. డాష్‌తో నడిపి చూడండి, బాష్‌కే చెల్లే రాతల్ని పట్టిచ్చే చెక్‌బాషిజమ్స్ వేసి చూడండి. సరిచేసేది కాన్ఫిగర్.ఏసీలో చేసి ఆటోరీకాన్ఫ్ కొట్టండి, కాన్ఫిగర్ మళ్లీ తయారవుతుంది. తయారైన కాన్ఫిగర్ ఫైల్లో సెడ్ కమాండ్‌తో మారిస్తే తర్వాతి రిలీజ్‌కి మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

ఇంత ఆవేశంలో మా సొంత కోడ్ రిపో మీద కూడా చెక్‌బాషిజమ్స్ వేయించాను. పదకొండు చోట్ల దొరికాయి. కుర్రాడు, ఏ లైను ఎవరు రాశారో చూపించే గిట్ బ్లేమ్ కొట్టి, స్క్రీన్ నా వైపు తిప్పి, నవ్వాపుకుంటూ కూర్చున్నాడు. అందులో నాలుగు నావే.