సవరణ: సైగల భాష గురించి నేను రాసిన తప్పులు
యూనివర్సిటీలో సైగల భాష కోర్సు గురించి మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులున్నాయి. "ఒకసారి నేర్చుకుంటే ఏ దేశం బధిరులతోనైనా మాట్లాడొచ్చు" అన్నాను, కాదు. అమెరికా, బ్రిటన్ రెండుచోట్లా ఇంగ్లీషే అయినా వాళ్ల సైగల భాషలు ఒకరిది ఒకరికి అర్థం కావు. అమెరికాలో అక్షరాలు ఒంటిచేత్తో చూపిస్తారు, బ్రిటన్‌లో రెండు చేతులూ కావాలి. నిజానికి అమెరికా వాళ్లది ఫ్రెంచి సైగల భాషకే దగ్గర, ఎందుకంటే 1817లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో బధిరుల బడి మొదలైనప్పుడు పాఠాలు చెప్పింది పారిస్ నుంచి వచ్చిన లోరాన్ క్లెర్ (ఆయనా బధిరుడే).

రెండోది, "గ్రామర్ టెన్షన్ లేదు" అన్న మాట. దీనికి మాత్రం సిగ్గుగా ఉంది. అమెరికాలో బధిరుల కాలేజీ గాలడెట్‌లో పనిచేసిన విలియం స్టోకీ 1960లోనే అక్కడి సైగల భాషకి సొంత నిర్మాణం ఉందని చూపించాడు. అమెరికన్ సైగల భాషలో అవును-కాదు ప్రశ్నకి కనుబొమలు పైకెత్తాలి, 'ఎవరు', 'ఎక్కడ' అని అడిగేటప్పుడు ముడవాలి. చేతులు సరిగ్గా కదిపి మొహం బిగబట్టుకుని కూర్చుంటే అవతలివాళ్లకి అది ప్రశ్నలా అనిపించదు, నేను ఇప్పటికీ చేసేది అదే.

బధిరుల సంస్కృతి పేపరు వదిలేసినా పర్లేదన్న వాక్యం కూడా తీసేశాను. భుజం తట్టి పిలవడం, లైటు ఆర్పి వెలిగించడం మొరటుతనం కాదని తెలిసింది ఆ క్లాసులోనే.