మాట తడబడితే పని రానట్టేనా?

2022లో జిల్లాలు విడదీశాక తడ, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. అయినా నెల్లూరు పాలిటెక్నిక్ పిల్లలు ఉద్యోగానికి చూసేది ఇప్పటికీ తడ పక్కనున్న పారిశ్రామికవాడ శ్రీసిటీ వైపే. నేనూ తడలో గది తీసుకుని, అక్కడి ఒక విదేశీ ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లు పనిచేశాను.

మా మెయింటెనెన్స్‌లో ఆత్మకూరు కుర్రాడొకడు ఉండేవాడు. మిషన్ శబ్దం వినే బేరింగ్ పోతోందని చెప్పేవాడు. ఇంగ్లిష్‌లో జరిగే నెలవారీ రివ్యూలో మాత్రం నోరు విప్పేవాడు కాదు. పనితీరుకు మార్కులు వేసే అప్రైజల్‌లో ‘కమ్యూనికేషన్ తక్కువ’ అని రాశారు, షిఫ్ట్ ఇన్‌చార్జి పోస్టు ఇంకొకరికి వెళ్లింది. ఆ ఇంకొకరు రివ్యూల్లో చెప్పినవన్నీ ఈ కుర్రాడి దగ్గర తెలుగులో విన్నవే.

ఇంగ్లిష్ అక్కర్లేదని నేననను. మాన్యువల్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. విడిభాగం పంపేవాళ్లకు లోపం సరిగ్గా రాయలేకపోతే లైన్ రోజుల తరబడి ఆగుతుంది. కానీ పనికి కావాల్సిన ఇంగ్లిష్ వేరు, మీటింగులో మెరిసే ఇంగ్లిష్ వేరు. ప్రమోషన్లు రెండోదాన్ని చూసి ఇస్తున్నారు.

ఒక సంగతి గమనించాను. జపాన్ ఇంజినీర్లతో మా వాళ్లు ఇంగ్లిష్‌లో ధారాళంగా మాట్లాడేవారు. వాళ్లకూ అది అరువు భాషే కదా! కాన్వెంట్ ఇంగ్లిష్ మాట్లాడే మన హెచ్ఆర్ అధికారి గదిలోకి వస్తే చాలు, గొంతు పెగిలేది కాదు. బహుళజాతి కంపెనీల్లో భాష మీద పరిశోధించిన హార్వర్డ్ ప్రొఫెసర్ సెడాల్ నీలీ, ఒక ఫ్రెంచ్ కంపెనీలో ఇలాంటిదే చూశారు. ఇంగ్లిష్ తప్పనిసరి చేశాక, బాగా వచ్చినవాళ్లు కూడా ఆఫీసులో తమ స్థాయి తగ్గిపోయిందనే అనుకున్నారట. అంటే ఇది గ్రామర్‌తో తీరే కష్టం కాదు.

జపాన్‌లో రకుటెన్ కంపెనీ 2010లో ఇంగ్లిష్‌ను ఆఫీసు భాషగా ప్రకటించి, రెండేళ్లలో టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో మార్కులు తెచ్చుకోమంది. మొదట నేర్చుకునే భారం ఉద్యోగులదే. అది సాగక, తర్వాత కంపెనీయే ఖర్చు పెట్టి తరగతులు నడిపింది. మన దగ్గర ఆ రెండో అడుగే పడటం లేదు. పన్నెండు గంటల డ్యూటీ చేసి గదికొచ్చినవాడు యూట్యూబ్‌లో నేర్చుకోవాలట!

షిఫ్టులోనే వారానికి రెండు గంటలు ఇవ్వండి. రివ్యూలో ఏం అడుగుతారో ముందురోజే చెప్పండి. అప్రైజల్‌లో పనికీ మాటకీ వేర్వేరుగా మార్కులు వేయండి. పాలిటెక్నిక్‌లు కూడా వ్యాసాలు బట్టీ పట్టించే బదులు, ఆగిపోయిన మోటారు ముందు పిల్లవాణ్ని నిలబెట్టి, ఏం జరిగిందో నాలుగు ఇంగ్లిష్ ముక్కల్లో చెప్పించాలి.