బీ-ఫారం చేతికొస్తే సరిపోదు

ఎన్నికల గాలి వీచిందంటే అనంతపురం టవర్‌క్లాక్ చుట్టూ ముందు మొలిచేవి ఫ్లెక్సీలే. ‘యువనేత’, ‘కాబోయే ఎమ్మెల్యే’ అన్న బిరుదుల కింద పాతికేళ్లు దాటీ దాటని ముఖాలు. వాళ్లు రావాల్సిందే. తాతల నాటి వర్గాల పేరు చెప్పి ఓట్లడిగే రాజకీయంతో సీమ ఎప్పుడో విసిగిపోయింది. అయితే ఫ్లెక్సీ మీద పెట్టే శ్రద్ధలో పదోవంతైనా నామినేషన్ కాగితాల మీదా, బూత్ ఏజెంట్ల మీదా పెట్టని కొత్తవాళ్లే ఎక్కువ. ప్రత్యర్థి దాకా పోకముందే వాళ్లను దెబ్బతీసేది ఆ అశ్రద్ధే.

శాసనసభకు పోటీ చేయాలంటే 25 ఏళ్లు నిండాలన్నది అందరికీ తెలుసు. ఆ వయసు నిండాల్సింది నామినేషన్ల పరిశీలన రోజుకన్నది చాలామందికి తెలియదు. 2024లో మన రాష్ట్రంలో ఆ రోజు ఏప్రిల్ 26. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు. ఇండిపెండెంటుకు పది మంది కావాలి, పది మందీ ఆ నియోజకవర్గం ఓటర్లే కావాలి. అనంతపురం మండలంలోనే కొన్ని ఊళ్లు రాప్తాడు నియోజకవర్గం కిందికి వస్తాయి. నగరం పక్కనే ఉంటాడు కదా అని అక్కడి స్నేహితుడి చేత అనంతపురం అర్బన్ నియోజకవర్గం నామినేషన్ మీద సంతకం పెట్టిస్తే లెక్కకు తొమ్మిది మందే మిగులుతారు, నామినేషన్ పోతుంది. ఒకే డిపాజిట్ మీద నాలుగు సెట్ల నామినేషన్ పత్రాల వరకు వేసుకునే వీలు చట్టమే ఇచ్చింది. డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 5,000. వేర్వేరు ప్రతిపాదకులతో రెండో సెట్ వేసుకుంటే పోయేదేమీ లేదు, బద్ధకం తప్ప.

అసలు తలనొప్పి ఫారం 26, అంటే అఫిడవిట్. ఇందులో ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. పెళ్లికాని కుర్రవాడు జీవిత భాగస్వామి ఆస్తుల దగ్గర గీత గీసి వదిలేస్తాడు. అక్కడ ‘వర్తించదు’ అని అక్షరాలా రాయాలి. రిటర్నింగ్ అధికారి (ఆర్‌ఓ) నోటీసిచ్చినా పూరించకపోతే తిరస్కరించవచ్చు. కేసుల వివరాలు ఇంకా చిక్కు. విద్యార్థి సంఘంలో ఉన్నప్పుడు కలెక్టరేట్ ముట్టడికో, రాస్తారోకోకో పెట్టిన కేసు ఉందో పోయిందో అభ్యర్థికే గుర్తుండదు. ఎఫ్‌ఐఆర్ నంబరు, సెక్షన్లు, కోర్టు పేరు అన్నీ రాయాలి. ఆ కేసుల సంగతి పత్రికల్లో, టీవీల్లో మూడుసార్లు ప్రకటించాలి. ఇవన్నీ నామినేషన్ ముందు రోజు రాత్రి స్టేషన్ల చుట్టూ తిరిగితే దొరికేవి కావు. నెల ముందే ఒక వకీలును కూర్చోబెట్టుకోవాలి. పార్టీ అభ్యర్థి అయితే, ఇతనే మా అభ్యర్థి అని పార్టీ రాసిచ్చే ఏ, బీ ఫారాలు చివరి రోజు మధ్యాహ్నం 3 గంటలలోపు ఆర్‌ఓకు చేరాలి, సంతకం సిరాతోనే ఉండాలి, జిరాక్సు చెల్లదు. నామినేషన్ ఇచ్చాక ప్రమాణం చేయడం మరిచి, బయట పూలదండల హడావుడిలో పడినవాళ్లూ ఉంటారు. పరిశీలన తేదీకి ముందే ప్రమాణం పూర్తి కావాలి.

ఖర్చు సంగతికి వద్దాం. 2022 నుంచి మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి పరిమితి 40 లక్షలు. పార్టీ పెట్టే ఖర్చుకు మాత్రం పరిమితే లేదు. ఈ వెసులుబాటు పెద్ద పార్టీలకే అచ్చొచ్చింది. చేతిలో నాలుగు రూకలు లేని కుర్రవాడికి ఇది న్యాయమైన పోటీ కాదని మేం ఎన్నిసార్లైనా చెబుతాం. అయినా ఉన్న నిబంధన ఉన్నట్టు పాటించక తప్పదు. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల కోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఒకరికి మొత్తం ఎన్నికల్లో నగదుగా 10,000 మించి ఇవ్వకూడదు. అభ్యర్థి రాయాల్సిన ఖర్చుల రిజిస్టరులో తెల్ల పేజీలు రోజువారీ ఖర్చుకు, గులాబీవి నగదుకు, పసుపువి బ్యాంకుకు. కూడలిలో అభిమానులు క్రేన్‌తో గజమాల వేస్తే ఆ క్రేన్ అద్దె ఎవరి ఖాతాలో పడుతుందో ఆలోచించాలి. అధికారుల వీడియో బృందం కుర్చీలు లెక్కపెడుతుంది, వాళ్లు విడిగా రాసుకునే షాడో రిజిస్టరులో కుర్చీకింత, బిర్యానీకింత అని జిల్లా రేట్ల ప్రకారం ఎక్కుతుంది. అభ్యర్థి రాసిన లెక్క దాంతో పొసగకపోతే నోటీసు వస్తుంది.

బెంగళూరులో కూలికి వెళ్లినవాళ్లను పోలింగ్‌కు తేవాలన్న ఆరాటం ఈ జిల్లాలో ప్రతి అభ్యర్థికీ ఉంటుంది. కిరాయి బస్సు పెట్టి ఓటర్లను ఉచితంగా బూత్‌కు చేర్చడం చట్టం దృష్టిలో అవినీతి చర్య, మూడు నెలల జైలుకూ అవకాశముంది. ఫోన్ చేసి రమ్మని అడగడానికి అడ్డు లేదు. రెండు వారాల ముందే అడగాలి.

ఇక బూత్. నియోజకవర్గంలో 250కి అటూఇటూ పోలింగ్ కేంద్రాలుంటాయి. ఒక్కోదానికి ఒక ఏజెంటు, ఇద్దరు రిలీఫ్ ఏజెంట్లు అనుకుంటే 750 మంది, అన్ని ఫారం 10లు, అంటే ఏజెంటు నియామక పత్రాలు, అన్ని అభ్యర్థి సంతకాలు. ఆ సంతకం ప్రిసైడింగ్ అధికారి దగ్గరున్న నమూనాతో కలవాలి. అర్ధరాత్రి చేయి నొప్పెట్టి వేరే ఎవరిచేతనో గీయించారా, పొద్దున ఏజెంటు బయటే. 7 గంటలకు పోలింగ్ అంటే మాక్ పోల్, అంటే యంత్రాన్ని పరీక్షించే ఉత్తుత్తి పోలింగ్, 5.30కే మొదలవుతుంది. కనీసం 50 ఓట్లు వేసి, ఫలితం చూసి, యంత్రంలోంచి తుడిచేయాలి. ‘క్లియర్’ నొక్కడం సిబ్బంది మరిచిపోతే లేచి అడగాల్సింది ఏజెంటే. సాయంత్రం పోలైన ఓట్ల లెక్క ఉండే ఫారం 17సీ నకలు తీసుకోకుండా ఇంటికి పోకూడదు. లెక్కింపు బల్ల దగ్గర కంట్రోల్ యూనిట్ చూపే మొత్తం ఆ కాగితంతో సరిపోవాలి, సీల్ నంబర్లూ సరిపోవాలి. ఇదంతా చాదస్తమనుకునేవారు 2024లో మడకశిర ఫలితం చూడాలి. అక్కడ ఆధిక్యం 351 ఓట్లు. ఒక్క బూత్ యంత్రంలో అంతకన్నా ఎక్కువే పడతాయి.

ఓడితే? శింగనమలలో 2019లో ఓడిన బండారు శ్రావణి శ్రీ 2024లో అదే చోట గెలిచారు. రెండో అవకాశం ఉంటుంది, లెక్కలు అప్పజెప్పినవాళ్లకు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో, గెలిచినా ఓడినా, డిపాజిట్ గల్లంతైనా, ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి అందాలి. సరైన కారణం లేకుండా ఇవ్వనివారిని ఎన్నికల సంఘం మూడేళ్లు అనర్హులుగా ప్రకటించవచ్చు. ఓడిన వారానికే ఆఫీసు ఖాళీ చేసి, టెంటు సామాన్లతో పాటు ఆ మూడు రంగుల రిజిస్టరూ ఎటో పోగొట్టుకునే కుర్రాళ్ల పక్కన ఒక ఆడిటర్‌ను ఉంచే పని పార్టీలు ఎందుకు చేయవో మాకు అర్థం కాదు. టికెట్ ఇచ్చేటప్పుడు వాళ్ల భుజం తట్టిన నాయకుల ఫోన్లు ఆ 30 రోజులూ స్విచాఫ్‌లోనే ఉంటాయి.