మూడో ఎగ్జిట్ ఏదండీ బాబూ?

ఇండియా లైసెన్సుతో బ్రిటన్‌లో కారు నడపనిచ్చేది, అక్కడ కాపురం పెట్టిన 12 నెలల వరకే. తర్వాత టెస్టు తప్పదు. ఆర్టీఓ ట్రాకులో ఎనిమిది వేసి, హెచ్ వేసి, ఏళ్ళ తరబడి హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఈదొచ్చిన మనవాడికి ఇదో లెక్కా అనిపిస్తుంది. సుమారు 40 నిమిషాల టెస్టు. ఎడమకి తిరగండి, కుడికి తిరగండి అని ఎగ్జామినర్ గారు మర్యాదగా చెబుతున్నంతసేపూ ఢోకా ఉండదు. ఆయన నోటికి తాళం వేసుకున్నాక మొదలవుతుంది అసలు తమాషా.

దీని పేరు ఇండిపెండెంట్ డ్రైవింగ్, అంటే ఎగ్జామినర్ మలుపు మలుపుకీ చెప్పకుండా దారి మనమే చూసుకుంటూ నడపడం. 2010లో పెట్టినప్పుడు పది నిమిషాలుండేది, 2017 డిసెంబరులో ఇరవై చేశారు. చాలా టెస్టుల్లో సాట్‌నావ్, అంటే దారి చెప్పే యంత్రం ఉంటుంది. అది ఎగ్జామినరే తెచ్చి, దారి కూడా పెట్టిస్తారు. మిగతావాళ్ళు రోడ్డు పక్క బోర్డులు చదువుకుంటూ పోవాలి. నా ఫోన్లో మ్యాప్ పెట్టుకుంటానంటే కుదరదు. అద్దం దించి "అన్నా, ఇటు పోతే ఎక్కడ తేల్తాం?" అని అడుగుదామంటే పాన్ డబ్బా ఉండదు.

సాట్‌నావ్ అంటుంది: రౌండబౌట్ (మధ్య దిమ్మె చుట్టూ తిరిగి పోయే కూడలి) దగ్గర మూడో ఎగ్జిట్, అంటే బయటికి పోయే మూడో దారి. మనవాడు లెక్క మొదలెడతాడు. ఎడమ పక్కది ఒకటి. ఎదురుగా ఉన్నది రెండు. మధ్యలో ఓ సందు కనిపిస్తోందే, అదీ లెక్కలోకి వస్తుందా? ఈ మీమాంసలో కారు ఎడమ లేన్లోనే ఉండిపోతుంది. నాలుగు దారులున్న చోట మూడోదంటే మామూలుగా కుడివైపుదే. ముందే అద్దాలు చూసి, కుడి సిగ్నల్ వేసి, కుడి లేన్లోకి చేరాలి. రెండో దారి దాటగానే మళ్ళీ అద్దం చూసి, ఎడమ సిగ్నల్ వేసి బయటపడాలి. ఇదంతా రౌండబౌట్ మధ్యలో గుర్తొచ్చి, మనవాడు ఠక్కున కుడికి కట్ కొడతాడు. పక్క లేన్లోని వ్యాను హారన్ కొడుతుంది. మన దగ్గర హారనంటే పలకరింపు, అక్కడ అది తిట్టు. ఎగ్జామినర్ వేలు ట్యాబ్ మీద ఒక్కసారి కదులుతుంది, అంతే. చిన్న తప్పులు 15 దాకా చెల్లుతాయి గానీ, ఇలాంటి సీరియస్ తప్పు ఒక్కటి చాలు, ఫీజు గంగలో కలవడానికి.

చోద్యమేమిటంటే, దారి తప్పినందుకు అసలు మార్కే పోదు. ఎడమ లేన్లో ఇరుక్కుపోయారా? ఆ లేను ఎటు పోతే అటే, సిగ్నల్ వేసి దర్జాగా వెళ్ళిపోవచ్చు. మళ్ళీ దారిలో పెట్టే బాధ్యత సాట్‌నావ్‌ది, అది చేతులెత్తేస్తే ఎగ్జామినర్‌ది. కుడి లేన్లో ఉండి ఎగ్జిట్ దాటిపోతే ఇంకో చుట్టు తిరిగినా నేరం కాదు. మన జనం సందు లెక్కలో దిట్టలే గానీ, అంతకన్నా సుళువైనది ఒకటుంది: రౌండబౌట్‌కి ముందు పెద్ద బోర్డు మీద దారులన్నీ బొమ్మగీసి పెడతారు. అదొక్కసారి చూస్తే చాలు.

స్క్రీన్ మీది గీతనే గుడ్లప్పగించి చూస్తూ, స్పీడు లిమిట్ 30 కాస్తా 20 అయిన బోర్డుని గాలికొదిలేసేవాళ్ళు మరో రకం. ఇక మొహమాటస్థులు. "ఎడమకేనాండీ?" అని ఎగ్జామినర్‌ని అడగొచ్చు, ఆయన చెబుతారు. అడిగితే నామోషీ అనుకుని కూడలిలో బిక్కచచ్చి నిలబడితే, అనవసరంగా తటపటాయించినందుకు తప్పు పడుతుంది. బోర్డుకి బస్సు అడ్డొస్తే కంగారక్కర్లేదు, తర్వాతి బోర్డు కనిపించేదాకా దారి ఆయనే చెబుతారు.

ప్రాక్టీసుకి పక్క సీట్లో ఇంటావిడే సరైన మనిషి. మలుపు దాటాక "అయ్యో, అదేనండీ మనం తిరగాల్సింది" అనే గురువు దొరకడం అదృష్టం. కాకపోతే ఆవిడకి 21 నిండి, మూడేళ్ళుగా ఫుల్ లైసెన్సు ఉండాలి, బ్రిటన్‌దో యూరప్‌దో. ఊర్నుంచి చూడ్డానికొచ్చిన బావమరిది ఇరవయ్యేళ్ళ అనుభవం ఇక్కడ పనికిరాదు. ఆయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, నోరు మూయించే మార్గం చూడండి.